ఇంటి బల్లి

గాజుతొట్టి మీద మూత పక్కకి జరిగి ఉంది. నీళ్ళు చల్లబడ్డానికి తొట్టి అంచున బిగించిన చిన్న ఫ్యాను ఆగిపోయింది. దాని వైరుని ఎవరో శుభ్రంగా చుట్టచుట్టి పక్కన పెట్టారు. నీళ్ళలో నాచు ఉంది, గులకరాళ్ళున్నాయి, ఠా పడుకునే కుండపెంకు ఉంది. ఠా లేదు.

నవ్యశ్రీ లైబ్రరీ బ్యాగు భుజాన అలాగే ఉంచుకుని కుండపెంకు ఎత్తి చూసింది. నాచు బయటికి తీసి పాయలు పాయలుగా విడదీసి చూసింది. మంచాల కింద, బీరువా వెనక, బట్టలు నానేసిన బకెట్లో, చివరికి చెప్పుల్లో కూడా వెతికింది. ఢిల్లీ ముఖర్జీ నగర్ పీజీ గదిలో వెతకడానికి మాత్రం చోటేముంది? రెండు మంచాలు, వాటి మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత దారి. నేల మీద జాగా లేకే తొట్టిని గోడ అర మీద, తల ఎత్తున పెట్టుకుంది.

"ఎతకకే," అంది చాందిని తన మంచం మీంచి. కరీంనగర్ పిల్ల, నవ్యశ్రీతో పాటే సివిల్స్‌కి చదువుతోంది. "నేను పండుకున్న. ఆంటీ అరుపుకి లేచిన. లేచేసరికి ఆమె చేతుల చెత్త చాట ఉన్నది, బయటికి ఉరుకుతున్నది. నాకు సమజయ్యే లోపే అంతా అయిపోయింది."

ఆంటీ అంటే జానకీదేవి. గుంటూరు మనిషి. ఈ మూడో అంతస్తు అద్దెకి తీసుకుని తెలుగు ఆడపిల్లలకి పీజీ నడుపుతోంది. నవ్యశ్రీ వెళ్ళేసరికి ఆవిడ తలస్నానం చేసి, తడిజుట్టు వీపున వదిలేసి, వంటింట్లో బెండకాయలు తరుగుతోంది. తలెత్తలేదు.

"పారేశాను," అంది. "ఫ్యాను గాలి ఎవరికే? బల్లికా? ఇంత ఎండల్లో నేనే కరెంటుకి భయపడి చస్తున్నా. ప్లగ్గు పీకుదామని చెయ్యెత్తితే మూత కదిలింది. మూతకి అంటుకుని ఉందేమో, టపీమని కొప్పు మీద పడింది. చల్లగా, జిగురుగా, ఛీ!"

"అది బల్లి కాదండీ. న్యూట్. కప్పల జాతి. మీకు ఎన్నిసార్లు చెప్పాను?"

"కప్పయితే కప్పలా ఉండాలి. బల్లిలా ఉన్నది బల్లి కాకపోతే ఏందమ్మా?"

"ఎక్కడ పారేశారు?"

"బాల్కనీలోంచి. కళ్ళు మూసుకుని విసిరేశా. దాని మొహం కూడానా చూసేది?"

నవ్యశ్రీ బాల్కనీలోకి పరుగెత్తింది. అక్కడ జానకీదేవి కూలర్‌కి కొత్త గడ్డి బిగిస్తున్న మిస్త్రీ ఒక పక్క జాలీ ఊడదీసి పెట్టి, టీకి వెళ్ళినట్టున్నాడు. నేలంతా పాత గడ్డి పోగులు. వాటిని తొక్కుకుంటూ పోయి కటకటాల మీంచి కిందికి తొంగిచూసింది. మూడంతస్తుల కింద సిమెంటు సందు. జూన్ నెలలో ఢిల్లీ సిమెంటు మీద చెప్పుల్లేకుండా మనిషే నిలబడలేడు. అది వేలెడంత జీవి, ఒళ్ళు తడారితే ప్రాణం పోయే జీవి.

అయినా కిందికి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని సందంతా వెతికింది. జ్యూస్ బండివాణ్ణి అడిగింది. వాడికి న్యూట్ అంటే ఏం తెలుస్తుంది? హిందీలో దానికో పేరుందో లేదో తనకీ తెలీదు. తెలుగులో ఎటూ లేదు. చివరికి "ఛిప్‌కలీ జైసా, భయ్యా" అనాల్సి వచ్చింది. బల్లి కోసం ఏడుస్తున్న పిల్లని వాడు వింతగా చూసి, అటుగా ఓ పిల్లి పోయిందని మాత్రం చెప్పాడు.

మెట్లెక్కుతుంటే ఏడుపు మొదటి అంతస్తు దగ్గరే ఆగిపోయింది. మిగిలిన రెండంతస్తులూ ఆవిణ్ణి ఏం చెయ్యాలా అనుకుంటూనే ఎక్కింది.

*

పొద్దున లేవగానే చెయ్యి అలవాటుగా తొట్టి వైపు పోయింది. పట్టిన నీళ్ళు రాత్రంతా నిలవుంచి, వాసన పోయాక సగం తీసి సగం పొయ్యాలి. వేడెక్కితే ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన సీసా ఒకటి తేలవెయ్యాలి. సాయంత్రం మేడ మీద పాత టబ్బుల్లో టీ వడకట్టుతో దోమపిల్లల్ని పట్టుకొచ్చి వెయ్యాలి. ఠా వాటిని చూసి ముందు కదిలేది కాదు. మెడ కొంచెం వంచి, ఆలోచించినట్టు ఆగి, గుటుక్కుమని మింగేది. ప్రిలిమ్స్ పోయిన రోజున కూడా నవ్యశ్రీ ఆ మింగడం చూస్తూ కూర్చుంది. ఎవరితోనూ ఏమీ చెప్పుకోనక్కర్లేకుండా కూర్చోగలిగిన చోటు ఈ ఊళ్ళో ఆమెకి అదొక్కటే.

జనక్‌పురిలో ఎవరో ఇల్లు మారుతూ, "నీళ్ళ బల్లి, ఎవరైనా తీసుకోండి" అని ఆన్‌లైన్‌లో పెడితే వెళ్ళి తెచ్చుకుంది. చూడగానే గుర్తుపట్టింది. పొలుసుల్లేవు, గోళ్ళు లేవు, ముందుకాళ్ళకి నాలుగేసి వేళ్ళే. వీపు నల్లగా ఉన్నా పొట్ట నిప్పురంగు. ఆ పొట్ట మీది మచ్చలు ఏ రెండు న్యూట్లకీ ఒకలా ఉండవు, మన వేలిముద్రల్లాగే. దీనికి గొంతు కింద నల్లటి సున్నా, సున్నాలో చుక్క. అచ్చం పలక మీద దిద్దించిన ఠ. అందుకే ఆ పేరు.

"నవ్యా," అంది జానకీదేవి గుమ్మంలో నిలబడి. చేతిలో టీగ్లాసు. ఆవిడ టీ తెచ్చి ఇవ్వడం ఎప్పుడూ లేదు. కొంగు మెడ చుట్టూ తిప్పి గొంతు కప్పుకుని ఉంది. ఆవిడ గొంతులో గడ్డ లేచిందనీ, సోమవారం ఆస్పత్రిలో సూది గుచ్చి పరీక్ష చేస్తారనీ పీజీలో అందరికీ తెలుసు.

"టీ వద్దండీ."

"తాగు. నిన్న కోపంలో ఏదో... సరే అది కాదు. ఒక్కమాట అడుగుతా. నువ్వు జువాలజీ కదా చదివింది?" ఆవిడ గొంతు తగ్గించింది. "పంచాంగంలో చూశాను. ఆడవాళ్ళకి కొప్పు మీద పడితే రోగభయం అని ఉంది. అసలే సోమవారం నాకు పరీక్ష. రాత్రంతా కన్ను మూతపడలా. నువ్వన్నావు కదా, అది బల్లి కాదూ, ఇంకేదో అని. బల్లి కాకపోతే ఆ ఫలితం వర్తించదు కదా? చదువుకున్నదానివి, నువ్వు చెబితే నమ్ముతా."

నవ్యశ్రీ టీగ్లాసు అందుకుంది. ఇన్నాళ్ళుగా ఈవిడకి పొలుసుల గురించి, గోళ్ళ గురించి, వేళ్ళ గురించి ఎన్నిసార్లు చెప్పింది! కాళ్ళు పట్టుకున్నంత పని చేసి చెప్పింది. ఒక్కసారి చెవిన పెట్టలేదు. ఇప్పుడు తన మీదికి వచ్చేసరికి చదువు గుర్తొచ్చింది మహాతల్లికి.

కాదు అని ఒక్కమాట అంటే చాలు. ఆవిడ హాయిగా నిద్రపోతుంది.

"బల్లే ఆంటీ," అంది నవ్యశ్రీ.

"అదేందే, నువ్వే కదా..."

"మీరు భయపడి బయట పడేయమంటారని అలా అన్నాను. బల్లే. మామూలు బల్లి కూడా కాదు, నీళ్ళబల్లి. మా అమ్మమ్మ అనేది, దాని ఫలితం రెట్టింపని. పైగా చంపారు కూడానూ."

జానకీదేవి ముఖంలోంచి రక్తం దిగిపోవడం నవ్యశ్రీ కళ్ళారా చూసింది. టీ తాగింది. ఢిల్లీ వచ్చాక అంత రుచిగా ఏ టీ తాగలేదనిపించింది.

*

ఆ రోజు సాంబారులో ఉప్పు లేదు. మర్నాడు ఉప్మా మాడింది. నవ్యశ్రీ రెండోసారి అడిగి వడ్డించుకుని తింది.

జానకీదేవి పొద్దునా సాయంత్రం తలారా పోసుకుంటోంది. దేవుడి ముందు దీపం కొండెక్కకుండా కూర్చుని నూనె పోస్తోంది. ఇంటి గోడ మీద మామూలు బల్లి ఏ మూల కిచకిచమన్నా చేతిలో పని వదిలేసి, అది ఏ దిక్కున పలికిందో చూస్తోంది. కూర తరుగుతూ వేలు కోసుకుంది. ఆ నెత్తురు చుక్కని చూసి ఇది కూడా అందులో భాగమేనా అన్నట్టు నవ్యశ్రీ వైపు చూసింది. నవ్యశ్రీ తల నెమ్మదిగా పంకించింది. పాము పగబడితే ఎలా ఉంటుందో చూసినవాళ్ళు లేరు గానీ, ఆ వారం నవ్యశ్రీని చూసుంటే సరిపోయేది.

గురువారం రాత్రి భోజనాల దగ్గర జానకీదేవి అందరి ముందూ చేతులు జోడించినంత పని చేసింది.

"అమ్మాయిలూ, మీలో ఎవరైనా కంచి వెళ్ళారా? అక్కడ గుళ్ళో బంగారు బల్లి, వెండి బల్లి ఉంటాయే, వాటిని ముట్టుకున్నవాళ్ళున్నారా? ముట్టుకున్నవాళ్ళని ముట్టుకున్నా చాలు, బల్లి దోషం పోతుందంటారు. ఇప్పుడు నేను కంచి ఎక్కడ పోగలను?"

"మేం యాదగిరిగుట్ట దాటి పోలే ఆంటీ," అంది చాందిని నొచ్చుకుంటూ.

పక్కగది పిల్లలు ఇద్దరూ తలలు అడ్డంగా ఊపారు. జానకీదేవి చూపు నవ్యశ్రీ దగ్గర ఆగింది.

నవ్యశ్రీ ఆరో తరగతిలో కంచి వెళ్ళింది. ఇరుకు మెట్ల మీద తోసుకుంటూ ఎక్కితే, తల మీదే కప్పుకి అంటించినట్టున్నాయి రెండు బల్లులు. చెయ్యి అందకపోతే నాన్న ఎత్తుకున్నాడు. ఎన్ని వేల చేతులు తగిలాయో, నున్నగా, చల్లగా ఉన్నాయి. తల నుంచి తోక దాకా రెండింటినీ నిమిరింది. ఆ చల్లదనం ఇప్పటికీ అరచేతికి గుర్తుంది.

"లేదండీ," అంది పెరుగన్నం కలుపుకుంటూ. "మేమెప్పుడూ వెళ్ళలేదు."

ఆవిడ కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది. కంచంలో మెతుకు తగ్గలేదు. నవ్యశ్రీ మాత్రం వేళ్ళు నాక్కుని మరీ తింది.

శుక్రవారం సాయంత్రం చాందిని తలుపు గడియ పెట్టి ఎదురుగా కూర్చుంది. "ఆంటీ సోమారం ఆస్పత్రికి పోనంటున్నది. ఎరికేనా నీకు?"

"ఎందుకు?"

"ఎందుకా! బల్లి జెప్పేసిందట. పోతే గదే తేలుతదట. సూది గుచ్చితే లేని రోగం కూడా లేస్తదట. గా డేట్ కోసం ఆమె ఎన్ని దినాలు తిరిగిందో మనం చూడలేదా? గొంతుల గడ్డ పెట్టుకొని ఇంట్ల కూసుంటే ఏమైతదో తెల్వదానే నీకు? నువ్వే జెప్పు పోయి, అది బల్లి గాదని."

నవ్యశ్రీ లేవబోయింది. కానీ అర మీద ఖాళీ తొట్టి కళ్ళ ముందే ఉంది. "ఆవిడ దాన్ని కళ్ళు మూసుకుని విసిరేసింది చాందినీ. చెత్త చేటతో."

"తప్పే. పెద్ద తప్పే. గందుకని మనిషిని చంపుతవా?"

"నేనేం చంపడం లేదు. బల్లి అన్నాను, అంతే. ఆవిడా అదే అంది కదా మొదట్నించీ?"

చాందిని "నువ్వు కలెక్టరైతే ఆ జిల్లా సంగతి దేవుడికే ఎరుక," అని అటు తిరిగి పడుకుంది.

*

శనివారం పొద్దున కార్పొరేషన్ దోమల మనిషి వచ్చాడు. చేతిలో టార్చి, గరిటె. ఎండాకాలం వస్తే వీధివీధీ తిరిగి కూలర్ నీళ్ళలో దోమపిల్లలున్నాయేమో చూస్తారు. ఉంటే చలానా.

నవ్యశ్రీ వాళ్ళ కూలర్‌లో గరిటె ముంచి వెలుగులోకి ఎత్తాడు. కామాల్లాంటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. పక్కగది కూలర్‌లో ఇంకా ఎక్కువ. మాతాజీ, డెంగీ వస్తే ఎవరు చూస్తారు, వారానికోసారి కడగాలని తెలీదా అని జానకీదేవిని గట్టిగా చీవాట్లు పెట్టాడు. ఆవిడ కొంగు గొంతుకి అదుముకుని, "గలతీ హో గయా భయ్యా, తబియత్ ఠీక్ నహీ" అని, ఒంట్లో బాగోలేదని గొణిగింది. గోరుచుట్టు మీద రోకలిపోటు. నవ్యశ్రీ చాందిని పక్కన గుమ్మానికి ఆనుకుని నిలబడి అంతా వింది.

అతను బాల్కనీలో ఉన్న ఆవిడ కూలర్ దగ్గరికి వెళ్ళాడు. పక్క జాలీ తీసి గరిటె ముంచాడు. ఎత్తి చూశాడు. మళ్ళీ ముంచాడు. టార్చి వేసి మూలమూలలా చూసి, తల గోక్కున్నాడు.

"ఇందులో దవాయి ఏమైనా వేశారా మాతాజీ?"

"లేదు భయ్యా. దాని జోలికే పోలేదు. మిస్త్రీ గడ్డి మార్చి పోయాక నీళ్ళు పొయ్యడమే."

"ఇది కూడా పాత నీళ్ళే. కానీ ఒక్కటంటే ఒక్కటి లేదు. ఈ వీధి మొత్తంలో ఇలాంటి కూలర్ చూడలేదు," అని ఆశ్చర్యపోయి, "ఏదైనా సరే, ఖాళీ చెయ్యాల్సిందే," అంటూ నీళ్ళు వదిలే బిరడా మీద చెయ్యి వేశాడు.

ఒక్కటంటే ఒక్కటి లేదు. నవ్యశ్రీ ఆ మాట దగ్గరే ఆగిపోయింది. మూడు కూలర్లకీ ఒకే కుళాయి, ఒకే దోమలు. మరి దీంట్లో దోమపిల్లల్ని ఎవరు తిన్నారు? ఆ రోజు మిస్త్రీ ఊడదీసిన జాలీ. తెరుచుకుని ఉన్న ఆ పక్క. కళ్ళు మూసుకుని విసిరేశా అన్న మాట.

"రుకో భయ్యా! రుకో!"

అతన్ని పక్కకి తోసేసినంత పని చేసి కూలర్ ముందు కూలబడింది. మోచేతి దాకా చెయ్యి పెట్టింది. రాత్రింబగళ్ళు గడ్డిలోంచి కారి కారి నీళ్ళు కుండలో నీళ్ళలా చల్లగా ఉన్నాయి. పంపు వెనక, రాలిన గడ్డి పోగుల కింద వేళ్ళతో తడిమింది. మెత్తటిదేదో అరచేతిలోకి నెమ్మదిగా ఎక్కింది. అది ఎప్పుడూ అంతే, తొందరపడదు.

చాందిని అందించిన గాజు గ్లాసులో నీళ్ళతో సహా పట్టి వెలుగుకి ఎత్తింది. కింది నుంచి చూసింది. నిప్పురంగు పొట్ట. నల్లటి సున్నా. సున్నాలో చుక్క.

"ఠా! నా తల్లీ! ఠా!" అని నవ్వుతూ ఏడ్చేసింది. దోమల మనిషి వాళ్ళ ముగ్గుర్నీ మార్చి మార్చి చూసి, నీళ్ళు మార్చండి, ఠీక్ హై, అని చెప్పి చలానా సంగతి మరిచిపోయి వెళ్ళిపోయాడు.

అప్పుడు గానీ నవ్యశ్రీకి జానకీదేవి కనబడలేదు. తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది. ఈ వారంలో కళ్ళ కింద గుంటలు పడ్డాయి. నవ్యశ్రీకి ఒక్కసారిగా సిగ్గేసింది. ఎవరి ప్రాణానికి బదులు ఎవరి ప్రాణం తీస్తున్నట్టు తను?

"ఆంటీ, ఇది చావలేదు. చూడండి. మీరు చంపలేదు. అసలిది బల్లే కాదు. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. న్యూట్ ఇది. పొలుసుల్లేవు చూడండి, గోళ్ళు లేవు, వేళ్ళు నాలుగే..."

"ఇప్పుడు నామీద జాలిపడి చెప్తున్నావు," అంది జానకీదేవి. "ఆ రోజు నిజం చెప్పావు."

"కాదండీ! ఆ రోజు కోపంతో చెప్పాను!"

ఆవిడ గ్లాసు దగ్గరికి వంగింది. అద్దాలు సర్దుకుని అడుగు నుంచి చూసింది. పెదవులు కదిలాయి. చిన్నపిల్ల పలక చదివినట్టు, "ఠ," అంది. కాసేపాగి, "ఠ, కంఠం," అంది. చెయ్యి దానంతటదే గొంతు మీదికి పోయింది. "చూశావా, రోగం ఎక్కడుందో కూడా రాసుకొచ్చింది."

"అయ్యో, అది మచ్చ ఆంటీ! వట్టి మచ్చ!"

"ఒద్దులే అమ్మా. నేను సోమవారం పోను. నువ్విక చెప్పకు."

నవ్యశ్రీ చాందిని వైపు చూసింది. చాందిని ఏ సాయమూ చెయ్యలేదు. పురుగుల గురించి, జాతుల గురించి నేర్చుకున్నదంతా ఉంది, అందులో ఒక్కటీ ఈ గుమ్మం దాటి లోపలికి పోదు. పోయేది ఒక్కటే ఉంది. అది చెప్తే తను ఎలాంటిదో కూడా అందరికీ తెలిసిపోతుంది.

గ్లాసు కింద పెట్టి, తడి చెయ్యి చున్నీకి తుడుచుకుంది.

"ఆంటీ. నేను కంచి వెళ్ళాను. ఆరో తరగతిలో. బంగారుదీ, వెండిదీ, రెండూ ముట్టుకున్నాను. తల నుంచి తోక దాకా. మొన్న మీరడిగితే కావాలనే లేదన్నాను."

నవ్యశ్రీ చెయ్యి చాపింది.

జానకీదేవి ఆ చేతిని రెండు చేతులతో అందుకుంది. ముందు కొప్పు మీద పెట్టుకుంది. తర్వాత కొంగు తప్పించి గొంతు మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నవ్యశ్రీ వేళ్ళ కింద గడ్డ చింతగింజంత గట్టిగా తగిలింది. ఆవిడ గుటక వేసినప్పుడు పైకి జరిగి, మళ్ళీ కిందికి వచ్చింది. ఇంత చిన్నదానితో ఈవిడ ఇన్నాళ్ళూ పడుకుని లేస్తోందా అనుకుంది. చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

చెయ్యి ఆవిడే వదిలింది. లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని వచ్చింది. వారం తర్వాత ఆవిడ వీపు నిటారుగా నిలబడింది.

"చాందినీ, సోమవారం పొద్దున్నే నాతో ఆస్పత్రికి రామ్మా. ఒక్కదాన్నే పోవాలంటే బెరుగ్గా ఉంది."

"వస్త ఆంటీ, తప్పకుండ వస్త."

"నేనూ వస్తానండీ," అంది నవ్యశ్రీ.

"నువ్వు ఒకటో తారీఖుకి మంచం ఖాళీ చెయ్యి," అంది జానకీదేవి. గొంతులో కోపం కూడా లేదు. "నీ చెయ్యి మంచిదే. మనసంటేనే భయమేస్తోంది."

"సరేనండీ," అంది నవ్యశ్రీ. వంగి గ్లాసు తీసుకోబోయింది.

"అదక్కడ పెట్టు."

"నా న్యూట్ అండీ ఇది. తీసుకెళ్తాను."

"నీ న్యూటు ఆ రోజే పోయింది కదమ్మా. అదేదో కప్పజాతి. ఇది బల్లి. జువాలజీ చదివినదానివి, నువ్వే నా ముఖాన చెప్పావు." జానకీదేవి కొంగుతో గ్లాసు పట్టుకుంది. ముఖం పక్కకి తిప్పుకుంది గానీ, ఈసారి కళ్ళు మూసుకోలేదు. కూలర్ దగ్గర కూర్చుని, నెమ్మదిగా, నీళ్ళు చిందకుండా గ్లాసు వంచింది. "ఇంట్లో బల్లి ఇంటావిడది. ఎక్కడైనా అంతే."

నవ్యశ్రీ నోరు తెరిచింది. బల్లికి పొలుసులుంటాయి, గోళ్ళుంటాయి, ముందుకాళ్ళకి అయిదేసి వేళ్ళుంటాయి. అన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

జానకీదేవి జాలీ బిగించి, లేచి, చేతులు కడుక్కుంది.

"ఎండాకాలం పోయాక ఏం తింటుందో చెప్పి పో," అంది.